ఫోను చేతికొచ్చింది, ఎన్నిక చేజారింది

2018 జూలై 30న రాయపూర్‌లో 'మొబైల్ తిహార్' జరిగింది. ఛత్తీస్‌గఢీలో తిహార్ అంటే పండుగ. హిందీ సినీతార కంగనా రనౌత్ అతిథిగా వచ్చారు. ముఖ్యమంత్రి రమణ్ సింగ్ 'సంచార్ క్రాంతి యోజన' కింద స్మార్ట్‌ఫోన్ల పంపిణీ ప్రారంభించారు. యాభై లక్షల ఫోన్లు పంచాలన్నది సంకల్పం. గ్రామాల్లోని మహిళలు, పట్టణ పేద కుటుంబాలతో పాటు కళాశాల విద్యార్థులు కూడా లబ్ధిదారుల జాబితాలో ఉన్నారు. అప్పటికి శాసనసభ ఎన్నికలు నాలుగు నెలల దూరంలో ఉన్నాయి. డిసెంబరు 11న ఫలితాలు వచ్చాయి. 90 స్థానాల సభలో పదిహేనేళ్ళుగా రాజ్యమేలిన పార్టీకి దక్కినవి 15. ఫోను తీసుకున్న చేయి ఓటు వేయలేదు. కొత్త ప్రభుత్వం పంపిణీ ఆపివేసింది. పథకం పోయింది, ఫోను మిగిలింది.

పాలకులు విద్యార్థికి యంత్రం ఇచ్చి మంచి చేసుకోవాలనుకోవడం ఛత్తీస్‌గఢ్ కనిపెట్టిన విద్య కాదు. తమిళనాడులో జయలలిత 2011లో లాప్‌టాప్‌లు పంచారు. ఉత్తరప్రదేశ్‌లో అఖిలేష్ యాదవ్ 2013లో పంచారు. అదే రాష్ట్రంలో యోగి ఆదిత్యనాథ్ 2021 చివర, ఎన్నికల ముంగిట, టాబ్లెట్లు, ఫోన్లు పంచారు. పార్టీలు వేరు, తర్కం ఒకటే. విద్యార్థిని ఓటరుగా, అంతకు ముందు లబ్ధిదారుగా చూడటం. ఆ విద్యార్థి తన విశ్వవిద్యాలయంలో ఒక ప్రతినిధిని ఎన్నుకోగల పౌరుడు కూడా అన్న సంగతి ఈ పంపిణీ సభల్లో ఎవరికీ గుర్తు రాలేదు.

సోషల్ మీడియా విద్యార్థుల చదువును చెరుపుతోందని, స్నేహాలను పలచన చేస్తోందని ఇంటింటా వినిపించే ఫిర్యాదును ఈ నేపథ్యంలో నిలిపి చూడాలి. ఫోను వచ్చి విద్యార్థి లోకాన్ని ఆక్రమించిందా, లేక అప్పటికే ఖాళీ చేయించిన ఇంట్లో అది కాపురం పెట్టిందా? ఈ ప్రశ్నకు భిలాయి ఉక్కునగరం, అందులో రిసాలి, చెప్పే జవాబు వినదగినది.

రిసాలి చరిత్ర భిలాయి చరిత్రలో భాగం. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారంతో పాటు సెక్టార్ల వారీగా నగరం లేచింది. క్వార్టర్లు, బడులు, ఆసుపత్రి, క్లబ్బులు, మైదానాలు, రిసాలికి చేరువలో భారత–సోవియట్ మైత్రికి గుర్తుగా 'మైత్రీ బాగ్' వెలిశాయి. జీతంతో పాటు ఒక సామాజిక జీవితాన్ని కూడా ప్రభుత్వమే సమకూర్చిన నగరమిది. దేశం నలుమూలల నుంచి పనివారు వచ్చారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు గణనీయంగా ఉన్నారు. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం వారికి పుట్టింటి దారి. భిలాయిని 'చిన్న భారతదేశం' అని పిలవడం అలా మొదలైంది.

ఈ నగరాన్ని దశాబ్దాలపాటు పరిశీలించిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 2020లో వెలువరించిన 'క్లాసెస్ ఆఫ్ లేబర్' గ్రంథంలో ఒక విభజనను ప్రధానంగా చర్చించారు. స్థానికుల మాటల్లోనే అది 'నౌకరీ', 'కామ్'. పర్మనెంటు ఉద్యోగం నౌకరీ. కాంట్రాక్టరు కింద చేసే రెక్కల కష్టం కామ్. 1980ల మధ్యకాలంతో పోల్చితే ఉక్కు కర్మాగారంలో నౌకరీ సగానికన్నా తక్కువకు పడిపోయింది. ఆ స్థానంలో కామ్ పెరిగింది. నౌకరీ ఉన్న తండ్రికి క్వార్టరు, ఆ పక్కనే మైదానం, క్లబ్బు, మంచి బడి ఉండేవి. కామ్ చేసే తండ్రి పిల్లలకు అవేవీ హక్కుగా రావు. నౌకరీ తగ్గడమంటే జీతం తగ్గడమొక్కటే కాదు. పిల్లలు నలుగురితో కలిసి పెరిగే చోటు కూడా తగ్గడం. ఆ చోటు కుంచించుకుపోతున్న దశాబ్దాల్లోనే అక్కడ ఉన్నత విద్య విస్తరించింది. 1986లో దుర్గ్‌లో భిలాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, 2005లో స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం, 2015లో దుర్గ్ కేంద్రంగా ఇప్పటి హేమచంద్ యాదవ్ విశ్వవిద్యాలయం, 2016లో ఐఐటీ వచ్చాయి. ప్రవేశ పరీక్షల శిక్షణకు భిలాయి పేరు మోసింది. విద్యార్థుల సంఖ్య పెరిగింది. వారు కలుసుకొనే చోట్లు పెరగలేదు.

ఒకనాటి విద్యార్థి సమాజం ఎలా ఏర్పడేదో తెలుగువారికి ఉక్కు పేరుతోనే గుర్తుంది. భిలాయి కొలిమి వెలిగిన ఏడేళ్ళకు, 1966 అక్టోబరు, నవంబరు నెలల్లో, 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అంటూ ఆంధ్రదేశం కదిలింది. టి.అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖపట్నంలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా 32 మంది మరణించినట్లు ఉద్యమ చరిత్ర చెబుతుంది. ఆ ఉద్యమానికి కాళ్ళూ చేతులూ విద్యార్థులే. సమాచారం వార్తాపత్రికల్లో, రేడియోలో, కరపత్రాల్లో, హాస్టల్ గదుల్లో, రైలుపెట్టెల్లో ప్రయాణించింది. వేగం తక్కువే. కానీ కబురు తెచ్చిన మనిషి ఎదురుగా ఉండేవాడు. అతణ్ణి ప్రశ్నించవచ్చు, వాదించవచ్చు, అతనితో కలిసి నడవవచ్చు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖ కర్మాగారాన్ని ప్రకటించేదాకా ఆ నడక సాగింది.

అలాంటి విద్యార్థులను పాలకులు తరువాత నమ్మలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సంఘ ఎన్నికలు 1980ల చివర ఆగిపోయాయి. క్యాంపస్ హింస అందుకు చూపిన కారణం. హింస కల్పన కాదు. హత్యలు జరిగిన మాట నిజం. అయితే హింసను ఆపడానికి హంతకులను శిక్షించాలి గాని ఓటును శిక్షించడమేమిటన్న ప్రశ్నకు ఏ ప్రభుత్వమూ జవాబివ్వలేదు. రాష్ట్రం రెండైనా రెండుచోట్లా ఆ తాళం తీయలేదు. మధ్యప్రదేశ్‌లో, దాని నుంచి 2000 నవంబరు 1న విడివడిన ఛత్తీస్‌గఢ్‌లో, దారి కొంచెం వేరు. కొన్నేళ్ళు ఎన్నికలు పెట్టడం, కొన్నేళ్ళు ఆపడం, ప్రత్యక్ష ఎన్నికకు బదులు మార్కులను బట్టి పదవులకు నామినేట్ చేయడం అక్కడ వాడుక. మార్కులు తెచ్చుకున్నవాడు ప్రతిభావంతుడు కావచ్చు. తోటివారు ఎన్నుకోనిదే ప్రతినిధి కాలేడు.

2006 సెప్టెంబరులో సుప్రీంకోర్టు లింగ్డో కమిటీ సిఫార్సులను అమలు చేయమని ఆదేశించింది. విద్యార్థి సంఘాలకు ఎన్నికలు ఉండాలన్నది ఆ కమిటీ మూల సూత్రం. దానికి తోడు అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించరాదని, అచ్చువేసిన పోస్టర్లు, కరపత్రాలు వాడరాదని, చేతిరాత పోస్టర్లే ఉండాలని, 75 శాతం హాజరు తప్పనిసరి అని షరతులు పెట్టింది. చాలా ప్రభుత్వాలు షరతులను జ్ఞాపకం ఉంచుకొని సూత్రాన్ని మరిచిపోయాయి. ఆ తీర్పు వచ్చిన సెప్టెంబరులోనే మరో సంగతి జరిగింది. అప్పటిదాకా అమెరికా విద్యాలయాల్లో, మరికొన్ని సంస్థల్లో మాత్రమే దొరికిన ఫేస్‌బుక్ 13 ఏళ్ళు నిండిన ఎవరికైనా తలుపు తెరిచింది. గోడ మీద అచ్చు పోస్టరు వద్దని కోర్టు చెప్పిన నెలలోనే 'గోడ' అనే మాటకు కొత్త అర్థం వచ్చింది.

ఆ తరువాతి కథ తెలిసినదే. సైబర్ కేఫ్‌లో గంట లెక్కన ఆర్కుట్, ఆ పిమ్మట ఫేస్‌బుక్, వాట్సాప్. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి డేటాను దాదాపు ఉచితం చేసింది. నౌకరీ కుటుంబానికీ కామ్ కుటుంబానికీ సమానంగా అందిన మొదటి సామాజిక సదుపాయం బహుశా ఇదే. క్లబ్బు సభ్యత్వం అడుగుతుంది, మైదానం క్వార్టర్ల పక్కన ఉంటుంది, ఫోను ఎక్కడైనా పనిచేస్తుంది. తెలుగు కుటుంబాలకు అది మరొక మేలు చేసింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో హిందీ, ఇంగ్లీషు చదివిన పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి రాదు. ఉత్తరం రాయలేని ఆ తరం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి, మాట రికార్డు చేసి, శ్రీకాకుళంలోని బంధువులతో వరస కలుపుకుంది. సోషల్ మీడియా బంధాలను తెంచుతుందనే వాదానికి వలస కుటుంబాల అనుభవం నేరుగా ఎదురు నిలుస్తుంది.

చదువు విషయంలో లెక్క ఇంత సులభం కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు తరగతి గది మొత్తం ఫోనులోకి దూరింది. ఛత్తీస్‌గఢ్ విశ్వవిద్యాలయాలు విద్యార్థులను ఇంటి నుంచే పరీక్షలు రాయించాయి. ప్రశ్నపత్రం ఆన్‌లైన్‌లో వచ్చేది. విద్యార్థి ఇంట్లో జవాబులు రాసి ఆ కాగితాలు కళాశాలకు చేర్చేవాడు. పుస్తకం పక్కనే, స్నేహితుల వాట్సాప్ గ్రూపు చేతిలోనే. కాపలా లేని పరీక్షలో కాపీ కొట్టారని పిల్లలను నిందించడం తేలిక. విశ్వవిద్యాలయమే తన పరీక్ష హాలును వాట్సాప్ పక్కన పెట్టినప్పుడు, ఆ తరువాత ఫోను చదువుకు శత్రువని ఉపదేశించే అర్హత దానికి ఎంత మిగిలిందన్నది అసలు ప్రశ్న. 2022లో కళాశాలలు తెరిచాక కూడా ఆన్‌లైన్ పరీక్షలే కావాలని విద్యార్థులు రోడ్డెక్కారు. అది సోమరితనమే అనుకుంటే పొరపాటు. రెండేళ్ళు అధ్యాపకుడి ముఖం చూడని విద్యార్థికి తనకేమి వచ్చో, ఏమి రాదో తెలియని భయమూ అందులో ఉంది.

2024 జనవరిలో విడుదలైన 'అసర్' నివేదిక గ్రామీణ ప్రాంతాల్లో 14–18 ఏళ్ళ వయసువారిని పరిశీలించింది. విశ్వవిద్యాలయం మెట్లెక్కబోయే తరం అది. ఫోను వాడటం తెలిసినవారిలో 90 శాతానికి పైగా ఆ ముందు వారంలో సోషల్ మీడియా చూశారు. మూడింట రెండు వంతుల మంది చదువుకు సంబంధించిన పనికీ దాన్ని వాడారు. కనుక ఫోనుంటే చదవరన్న మాటా తప్పే, ఫోనుంటే చదువు వస్తుందన్న మాటా తప్పే. అదే నివేదికలో అంతకన్నా ముఖ్యమైన అంకె ఒకటుంది. ఫోను వాడగల అబ్బాయిల్లో 43.7 శాతానికి సొంత ఫోను ఉంది. అమ్మాయిల్లో 19.8 శాతానికే ఉంది. అన్నదో, తండ్రిదో ఫోను అడిగి తీసుకొనే అమ్మాయికి అందులో స్నేహమూ, చదువూ, అభిప్రాయమూ అన్నీ ఇంటివారి కళ్ళ ముందే. సమానత్వం తెచ్చిందనుకున్న యంత్రం కూడా గడప దగ్గర ఆగిపోయింది.

ఇంటి కన్ను అమ్మాయి మీద ఉంటే రాజ్యం కన్ను అందరి మీదా పడింది. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్ వ్యాఖ్యకు ఇద్దరు యువతులను అరెస్టు చేశారు. దాన్ని చూసి సహించలేక సుప్రీంకోర్టుకు వెళ్ళిన శ్రేయా సింఘల్ వయసు అప్పటికి 21 ఏళ్ళు. 2015 మార్చి 24న ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ కొట్టివేతకు ఆ పిటిషనే దారి తీసింది. నాలుగేళ్ళకు పాలకులు సున్నితమైన మార్గం ఎంచుకున్నారు. 2019 జూలైలో కేంద్ర మానవవనరుల మంత్రిత్వశాఖ ఉన్నత విద్యాసంస్థలకు లేఖ రాసింది. ప్రతి సంస్థా ఒక 'సోషల్ మీడియా ఛాంపియన్'ను నియమించాలని, విద్యార్థుల ఫేస్‌బుక్, ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను సంస్థ ఖాతాతోనూ మంత్రిత్వశాఖ ఖాతాతోనూ అనుసంధానించాలని, వారానికి ఒక మంచి కబురైనా పెట్టాలని అందులో ఉంది. విమర్శలు రాగానే ఇది ఐచ్ఛికమేనని, వ్యక్తిగత ఖాతాల్లోకి తొంగిచూసే ఉద్దేశం లేదని శాఖ వివరించింది. ఉద్దేశం ఏదైనా లేఖలోని దృష్టి స్పష్టం. విద్యార్థి గొంతు వినడానికి కాదు, ప్రభుత్వం గొంతును విద్యార్థి ద్వారా వినిపించడానికి.

ఆ గొంతును నిజంగా విన్నప్పుడు ఏమవుతుందో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం రెండుసార్లు చూపించింది. 2015 ఆగస్టులో ఢిల్లీలో ఒక డాక్యుమెంటరీ ప్రదర్శనకు అడ్డు తగలడాన్ని అంబేడ్కర్ విద్యార్థి సంఘం నిరసించింది. ప్రత్యర్థి సంఘం నాయకుడు ఆ సంఘాన్ని గూండాలంటూ ఫేస్‌బుక్‌లో రాశాడు. ఆ రాత్రి అతని గదికి వెళ్ళి నిలదీశారు. కొట్టారని ఒక పక్షం, లేదని మరో పక్షం వాదించాయి. ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవలసిన తగవులోకి కేంద్ర మంత్రి లేఖ వచ్చింది. ఐదుగురు దళిత పరిశోధకులను హాస్టళ్ళ నుంచి వెలివేశారు. వారు ఆరుబయట 'వెలివాడ' కట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణించాడు. ఫేస్‌బుక్ వ్యాఖ్య ఆయన ప్రాణం తీసిందనడం చరిత్రను తేలిక చేయడమే. వ్యాఖ్య నిప్పురవ్వ. దాన్ని దావానలం చేసినవి కులం, అధికారం, ఆగిపోయిన ఫెలోషిప్పు.

రెండోసారి 2025లో. విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చదునుకు మార్చి చివర యంత్రాలు దిగాయి. విద్యార్థులు తీసిన వీడియోలు దేశమంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. వ్యాపించిన చిత్రాల్లో కొన్ని కృత్రిమ మేధతో తయారు చేసినవని ప్రభుత్వం కేసులు పెట్టింది. అబద్ధపు చిత్రాలు చలామణీ అయిన మాట నిజమే. నేల మీద దిగిన బుల్డోజర్లు మాత్రం నిజమైనవి. ఈ గెలుపులో గమనించవలసింది మరొకటుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు భిన్నంగా అక్కడ విద్యార్థి సంఘానికి ఎన్నికలు జరుగుతూ వచ్చాయి. ఫోను వెనుక ఒక సంఘం, సంఘం వెనుక ఓటర్లు ఉన్నారు. వీడియో కబురు మోసింది. మోయవలసిన కబురును మనుషులు ముందే కూడబలుక్కున్నారు.

అలాంటి సంఘం లేనిచోట ఫోను ఎవరి చేతిలో పనిముట్టు అవుతుందో భిలాయి చెబుతుంది. మహాదేవ్ బెట్టింగ్ యాప్ వ్యవహారం ఈ నగరంలోనే వేళ్ళూనింది. భిలాయి యువకులు దుబాయి నుంచి దీన్ని నడిపారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపించింది. సోషల్ మీడియాలో ప్రకటన, వాట్సాప్‌లో నంబరు, ఇతరుల పేర బ్యాంకు ఖాతాలు ఆ వ్యాపారపు పద్ధతి అని పేర్కొంది. 2023 నవంబరులో, శాసనసభ పోలింగ్ ముందు, ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్‌కు 508 కోట్లు అందాయన్న ఆరోపణ చేసింది. ఆయన ఖండించారు. నవంబరు 5న కేంద్రం 22 యాప్‌లను నిషేధించింది. పార్టీలు ఎవరికెంత ముట్టిందని వాదులాడుకున్నాయి. ఉక్కు కర్మాగారంలో నౌకరీ దొరకని నగరంలో యువకుడికి పందెం ఎందుకు ఉపాధిలా కనిపించిందని ఏ పార్టీ అడగలేదు.

రిసాలికి ఇప్పుడు సొంత నగరపాలక సంస్థ ఉంది. 2021 డిసెంబరులో మొదటిసారి ఎన్నికలు జరిగాయి. 18 ఏళ్ళు నిండిన విద్యార్థి అక్కడ కార్పొరేటర్‌ను ఎన్నుకోవచ్చు, రాయపూర్‌కు శాసనసభ్యుణ్ణి, ఢిల్లీకి ఎంపీని పంపవచ్చు. తన గ్రంథాలయం రాత్రి ఎన్ని గంటలదాకా తెరవాలో, తన ఫీజు ఎంత ఉండాలో చెప్పే ప్రతినిధిని మాత్రం ఎన్నుకోలేడు. ప్రధానిని నిర్ణయించగలవాడు తరగతి ప్రతినిధిని నిర్ణయించలేడన్న ఈ వింత సూత్రం తెలుగు రాష్ట్రాలకూ వర్తిస్తుంది.

విద్యార్థి చేతి నుంచి ఫోను లాక్కోవాలనే సలహాలు ఏటా వస్తూనే ఉంటాయి. అమలు కావు, కానక్కరలేదు. ఫోనుకు పోటీగా పెట్టవలసినవి వేరే ఉన్నాయి. రాత్రిదాకా తెరిచి ఉండే గ్రంథాలయం, కామ్ చేసే ఇంటి పిల్లలకూ ప్రవేశమున్న మైదానం, అమ్మాయిలకు వేళ ఆంక్షలు లేని హాస్టలు, ఏడాదికొకసారి జరిగే సంఘ ఎన్నిక. వీటికి యాభై లక్షల ఫోన్లంత ఖర్చు కాదు. ప్రశ్నించే విద్యార్థిని భరించే ఓర్పు కావాలి. రాయపూర్ పండుగలో పంచనిది అదే.